నాలుగో టేబుల్‌కి ఇంకొకరు

ఆ హోటల్లో అన్నిటికన్నా పై అంతస్తులో ఉన్న రెస్టారెంటుకి ఎవరూ ఆకలితో రారు. ఆకలైనవాళ్ళు అంత పెద్ద పళ్ళెంలో అంత చిన్న ముద్దని చూస్తే ఏడ్చేస్తారు. అక్కడికొచ్చేవాళ్ళు మెల్లగా తింటారు, మెల్లగా మాట్లాడతారు, నవ్వినా పక్క టేబుల్‌కి వినపడనంత మెల్లగా నవ్వుతారు. కాళ్ళ కింద మెత్తని తివాచీ, తలల మీద మసకగా వెలిగే దీపాలు, అద్దాల కిటికీల అవతల మిణుకుమిణుకుమంటూ ఊరు. ఈ మెత్తదనానికంతటికీ వెనక, ఊగే తలుపు అవతల, వంటగది ఉంది. అక్కడ మెత్తగా ఉండేది వెన్న ఒక్కటే.

ఆ వంటగదికి ఒక పద్ధతుంది. పెద్ద చెఫ్, వండిన పళ్ళేలు చల్లారకుండా పెట్టే వేడిదీపాల బల్ల దగ్గర నిలబడి ఆర్డర్లు పిలుస్తాడు. ఏ పొయ్యికి పని పడిందో ఆ పొయ్యి మనిషి "సరే చెఫ్!" అని గట్టిగా బదులివ్వాలి. తలెత్తి చూడక్కర్లేదు. నిజానికి చూడకూడదు, చూస్తే చేతికిందున్నది మాడుతుంది. పిలుపు చెవిన పడగానే నోరు దానంతటదే పలకాలి. కొత్తగా చేరినవాళ్ళకి కత్తి పట్టుకోవడం కన్నా ముందు ఇదే నేర్పుతారు. నిద్రలో ఉండగా ఎవరో "సూప్!" అని అరిస్తే, "సరే చెఫ్!" అని అటు తిరిగి మళ్ళీ పడుకున్న ఘనులు కూడా అక్కడున్నారు.

సాసులు చేసే ఆవిడని అందరూ సాసక్క అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పొయ్యి దగ్గర మాటకారి కాదు కానీ, ఆవిడ గొంతు మాత్రం బాగుంటుంది. కాస్త బొంగురు, కాస్త వెచ్చన. వాళ్ళమ్మ పోయినప్పుడు చెల్లెలు ఇంకా పలక మీద రాసుకునే పిల్ల. చీకటంటే హడలిపోయేది. సాసక్క వంటింట్లో అంట్లు తోముకుంటూ, గోడ అవతల నుంచే ఏదో ఒకటి మాట్లాడుతూ దాన్ని నిద్రపుచ్చేది. "నువ్వు కనపడకపోయినా ఫర్వాలేదక్కా, మాట మాత్రం ఆపకు" అనేది ఆ పిల్ల.

ఆ పిల్లే ఇప్పుడు బళ్ళో టీచరమ్మ. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు ఉంటుంది, నోరు మూత పడదు. అందుకే దాని ముద్దుపేరు పిచ్చుక. ఉద్యోగం వచ్చిన సందర్భంగా, పనివాళ్ళ ఇంటివాళ్ళకి ఏడాదికోసారి హోటలు పెట్టే భోజనానికి సాసక్క దాన్నే పిలిచింది. కిటికీ పక్కన నాలుగో టేబుల్. చివర్లో ఐస్‌క్రీమ్ వచ్చే వేళకి ఏప్రన్ విప్పేసి తను కూడా వెళ్ళి ఎదురు కుర్చీలో కూర్చోవచ్చని హాలు చూసుకునే కెప్టెన్ ఒప్పుకున్నాడు. అన్నేళ్ళుగా ఆ హాలుకి వండి పంపుతున్నా, సాసక్క ఆ కుర్చీల్లో ఒక్కసారైనా కూర్చోలేదు. చీర ఒకటి ఇస్త్రీ చేయించి లాకర్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆవిడ ఆనందం అంతా ఇంతా కాదు.

వంటగదిలో ఒక్కటే లోటు. పెద్ద చెఫ్‌కి గొంతు పోయింది.

వారం పైనే అయింది. గంట మోగినట్టుండే ఆ గొంతు, ఒక పొద్దున్న వచ్చేసరికి లేదు. దగ్గు లేదు, జ్వరం లేదు. నోరు తెరిస్తే గాలి వస్తుంది, అంతే. అప్పటినుంచి ఆయన మెడకి మఫ్లర్ చుట్టుకుని బల్ల పక్కన నిలబడుతున్నాడు, పిలుపులు చిన్న చెఫ్ పిలుస్తున్నాడు. ఇంకో వింత, పెద్దాయన ఇంటికి వెళ్ళడం మానేశాడు. సామాన్ల గదిలో పిండి బస్తాల మధ్యే పడక.

"ఇంటావిడ తరిమేసినట్టుంది" అన్నాడు కెప్టెన్ గ్లాసులు తుడుస్తూ. "మొన్న మందుల సంగతి కనుక్కుందామని ఆవిడకి ఫోన్ చేశా. గొంతు పోవడమేంటండీ, పొద్దున్నుంచీ ఇంట్లో కూర్చుని పాటలు పాడుతూ నా బుర్ర తింటున్నారు అంది! ఎంత వెటకారమో చూడు."

"మరి నువ్వేమన్నావు?" అంది సాసక్క.

"ఏమంటాను? మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని పెట్టేశా. నిన్న మళ్ళీ చేశాలే. ఎత్తలేదు. ఇవాళ కూడా ఎత్తలేదు."

సాసక్క నవ్వి గిన్నె వైపు తిరిగింది. పొయ్యి మీద ఎర్ర వైన్ సగానికి మరిగి, తియ్యగా, కాస్త చేదుగా వాసన వేస్తోంది. పక్కనే కేకులు చేసే బొద్దాయన బల్ల మీద పిండి చల్లుకుంటున్నాడు. పెద్ద చెఫ్ గబగబా వచ్చి ఆ పిండిలో వేలితో పెద్దపెద్ద అక్షరాలు రాశాడు. పలకొద్దు.

"మేమెక్కడ మాట్లాడుతున్నాం చెఫ్?" అన్నాడు బొద్దాయన నొచ్చుకుని. "పని చేసుకుంటున్నాం కదా!" అని చేత్తో చెరిపేసి, దాని మీదే పిండి ముద్ద వేశాడు. పెద్ద చెఫ్ ఆయన భుజం పట్టుకుని ఊపాడు. చెవి చూపించాడు, నోరు చూపించాడు, చెయ్యి అడ్డంగా ఆడించాడు. బొద్దాయన సాసక్క వైపు చూసి కన్ను గీటాడు. గొంతు పోతే కోపం చేతుల్లోకి వస్తుంది కాబోలు అనుకున్నారిద్దరూ.

పిచ్చుక వచ్చింది. ఊగే తలుపుకి ఉన్న గుండ్రటి అద్దంలోంచి సాసక్క చూసింది. నీలం చీర, చెవులకి కొత్త జూకాలు. కెప్టెన్ కుర్చీ లాగితే ఎక్కడ కూర్చోవాలో తెలియక, ఆయనకే నమస్కారం పెట్టి కూర్చుంది. ఫోర్కుల వరస చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. సాసక్కకి కళ్ళు చెమర్చాయి.

హాలు నిండింది. పిలుపులు ఊపందుకున్నాయి. వెన్న అయిపోతే తేవడానికి సాసక్క చల్లగదిలోకి వెళ్ళింది.

బరువైన తలుపు వెనకాల మూసుకోగానే వంటగది మోత ఆగిపోయింది. ఐసు గాలి. తడి అట్టపెట్టెల వాసన, పుట్టగొడుగుల మట్టివాసన. దాని కింద ఇంకో వాసన… ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న ఇంటి వాసన. అరల మధ్య ఒకటే బల్బు. వెన్న పెట్టె అందుకుంటూ ఉండగా వినిపించింది.

ఎవరో సన్నగా పాడుతున్నారు.

చివరి అర వెనక నుంచి. మగ గొంతు. పాట కాదది. టేబుళ్ళ నంబర్లు. ఒకటో టేబుల్… రెండో టేబుల్… మూడో టేబుల్… పిల్లలు ఎక్కాలు వల్లె వేసినట్టు. గంట మోగినట్టుండే గొంతు. ఆ గొంతు ఆవిడకి తెలుసు.

"చెఫ్, గొంతు వచ్చేసిందా?" అనబోయి, సాసక్క ఆ అర పక్కకి వెళ్ళి చూసింది.

బంగాళాదుంపల బస్తా. గోడ. ఇంకేమీ లేదు.

నంబర్లు ఆగిపోయాయి. ఎవరో తనని గమనించి ఊపిరి బిగబట్టినట్టుగా అనిపించింది. సాసక్క వెన్న పెట్టె గుండెకి హత్తుకుని వెనక్కి నడిచింది. తలుపు తోసేసరికి ఎదురుగా పెద్ద చెఫ్. ఆవిడ నోటి మీద టపీమని అరచెయ్యి పెట్టేశాడు.

ఆయన కళ్ళు చూసింది సాసక్క. అంత ధాటి గల మనిషి కళ్ళు. నీళ్ళు నిండి, బతిమాలుతున్నాయి. చల్లగది చూపించాడు. తన గొంతు చూపించాడు. ఆవిడ నోరు చూపించి, వద్దు, వద్దు, వద్దు అని తల ఊపాడు.

పిండిలో పలకొద్దు అని ఎందుకు రాశాడో అప్పుడు తెలిసింది. ఈ మనిషిని ఏదో పిలిచింది. ఈ మనిషి పలికాడు. గొంతు దాని పాలైంది.

ఆయన ఇంట్లో కూర్చుని పాటలు పాడుతున్నది ఎవరో కూడా తెలిసింది. నిన్నటినుంచి ఆ ఇంట్లో ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. అక్కడి పని అయిపోయి, అది ఇక్కడికి వచ్చింది.

"పలకను చెఫ్" అంది గుసగుసగా. "ఒట్టు. పలకను."

పొయ్యి దగ్గరికి వచ్చి గరిటె అందుకుంది. పక్కవాళ్ళకి చెప్దామంటే ఏమని చెప్తుంది? చిన్న చెఫ్ పిలుస్తూనే ఉన్నాడు, ఆవిడ బదులిస్తూనే ఉంది. మానేస్తే పని ఆగిపోతుంది. ప్రతి పిలుపుకీ ఒక్క క్షణం ఆగి, తలెత్తి, చిన్న చెఫ్ పెదవులు కదిలాయో లేదో చూసుకుని మరీ పలుకుతోంది.

"ఏంటి సాసక్కా, ఇవాళ ఇంత నిదానం?" అని విసుక్కున్నాడాయన. "చెల్లెలు వచ్చిందని చెవులు కూడా హాల్లో పెట్టొచ్చావా?"

అందరూ నవ్వారు. ఇంకాసేపు. ఐస్‌క్రీమ్ వేళ అయితే చాలు. పిచ్చుక చెయ్యి పట్టుకుని లిఫ్టు దిగి వెళ్ళిపోవాలి. రేపు ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఈ గడప మళ్ళీ తొక్కేది లేదు.

సరిగ్గా అప్పుడే చేపల పెనంలో నూనెకి మంట అంటుకుంది. అది మామూలే, వారంలో రెండుసార్లైనా అవుతుంది. పక్కవాడు మూత వెయ్యబోయాడు. సాసక్క తన గిన్నె పక్కకి లాక్కుంది, ఇటు పాలమీగడ పొంగొచ్చింది, అటు గరిటె జారింది, రెండు చేతులూ చాలలేదు, తల వంచి ఉంది, ఆ కంగారులో, వీపు వెనక నుంచి గంట మోగినట్టు…

"నాలుగో టేబుల్! ఇంకొకరు వచ్చారు! సాస్!"

"సరే చెఫ్!"

నోరు పలికేసింది. ఆవిడ కాదు. నోరు.

చల్లటిదేదో గొంతులోంచి పైకి పాకింది. నొప్పి లేదు. తీగ లాగినట్టు, మెత్తగా, తుదికంటా వెళ్ళిపోయింది.

"ఎవరికి బదులిస్తున్నావు?" అన్నాడు చిన్న చెఫ్. "నేను పిలవలేదే!"

సాసక్క నోరు తెరిచింది. గాలి వచ్చింది.

బల్ల పక్కన పెద్ద చెఫ్ రెండు చేతులతో తల పట్టుకుని, అలాగే గోడకి జారి, నేల మీద కూర్చుండిపోయాడు.

ఆవిడ గుండ్రటి అద్దం దగ్గరికి పరిగెత్తింది. నాలుగో టేబుల్ దగ్గర కెప్టెన్ ఎదురు కుర్చీని మర్యాదగా వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు జరుపుతున్నాడు. రెండో గ్లాసులో నీళ్ళు పోశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. పిచ్చుక ఆ ఖాళీ వైపు చూసి, మొహం చేటంత చేసుకుని, గలగలా ఏదో చెప్తోంది.

వంటవాళ్ళు తెల్లకోటుతో హాల్లోకి రాకూడదు. సాసక్క తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. తివాచీ మీద మీగడ చుక్కలు పడుతూనే ఉన్నాయి. తలలు తిరిగాయి. దగ్గరికి వెళ్ళేకొద్దీ వినపడసాగింది. కాస్త బొంగురు, కాస్త వెచ్చన.

"…అందుకే నిన్ను గోడ అవతల నుంచే నిద్రపుచ్చేదాన్నే. నా మాట ఉంటే చాలనేదానివి కదూ?"

"ఇప్పటికీ అంతేనక్కా" అంది పిచ్చుక.

సాసక్క చెల్లెలి భుజం పట్టుకుంది. పిచ్చుక ఉలిక్కిపడి తల తిప్పింది. అదే మొహం, అవే కళ్ళు. ఆ కళ్ళు అక్క మొహం మీద ఆగాయి, కోటు మీద ఆగాయి. ఎక్కడా గుర్తుపట్టలేదు. ఎవరో కొత్తమనిషిని చూసినప్పుడు నవ్వే నవ్వు ఒకటి మర్యాదగా నవ్వింది.

"ఏమండీ, మా అక్కకి నిమ్మకాయ వేసిన నీళ్ళు కాస్త తెచ్చిపెడతారా? వంటగది వేడికి గొంతు ఎండిపోయిందట."

సాసక్క తన మొహం చూపించుకుంది. గుండె మీద చెయ్యి వేసుకుంది. నేనే. నేనేనే పిచ్చుకా. గాలి. ఉత్త గాలి. పిచ్చుక కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"భయపడకే" అంది సాసక్క గొంతు, ఖాళీ కుర్చీలోంచి. "పాపం, ఆవిడకి ఒంట్లో బాగోదు. ఇక్కడ పనిచేసే ఆవిడే."

కెప్టెన్ చెయ్యి మోచేతి మీద పడింది. "సాసక్కా, ఏంటిది? అందరూ చూస్తున్నారు. లోపలికి పద తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని నవ్వు మొహం చెదరకుండా గుసగుసలాడుతూ, పట్టుకుని లాక్కుపోయాడు. ఆవిడ గింజుకుంది, కొరికింది. బొద్దాయన కూడా వచ్చి పట్టుకున్నాడు. మనిషికి ఏదో అయిందనుకున్నారు వాళ్ళు. మొహాన నీళ్ళు చల్లారు, అట్టముక్కతో విసిరారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అదే ఆవిడ ఖర్మ.

విడిపించుకుని మళ్ళీ హాల్లోకి వచ్చేసరికి నాలుగో టేబుల్ దగ్గర ఎవరూ లేరు. రెండు ఐస్‌క్రీమ్ గిన్నెలూ నాకినట్టు ఖాళీగా ఉన్నాయి.

కింద తలుపు తీసే వాచ్‌మన్ ఆవిడ సైగలు అర్థం చేసుకుని చెప్పాడు. "నీలం చీర అమ్మాయా? ఇప్పుడే టాక్సీ ఎక్కారుగా. ఇద్దరూ భలే నవ్వుకుంటూ వెళ్ళారు."

"రెండో ఆవిడ ఎలా ఉంది?" అని అడగడానికి నోరు లేదు. అడిగితే ఏం వినాల్సి వచ్చేదో.

పరిగెత్తింది. కొట్లు ఇంకా తీసే ఉన్నాయి, జనం కొనుక్కుంటున్నారు, బేరాలాడుతున్నారు. తెల్లకోటులో ఏడుస్తూ పరిగెత్తే మనిషికి దారి ఇచ్చారు. ఒక ముసలాయన ఆపి "ఏమైందమ్మా?" అని అడిగాడు కూడా. ఆ మాటకి సమాధానం చెప్పలేక ఆవిడ ఇంకా ఏడ్చింది.

తామిద్దరూ ఉండే ఇంటి మెట్లు ఎక్కి తలుపు దగ్గర ఆగింది. లోపల దీపం వెలుగుతోంది. ఉల్లిపాయ పోపు వాసన. రెండు గొంతులు. ఒకటి గలగల, ఒకటి బొంగురు. బొంగురు గొంతు ఏదో అంటే గలగల గొంతు పడీపడీ నవ్వింది.

తాళంచెవి తిప్పింది. లోపల గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదింది.

నవ్వు ఆగింది. అడుగులు. తలుపుకున్న చిన్న రంధ్రంలో వెలుతురు మాయమైంది.

"ఎవరు?"

సాసక్క ఆ రంధ్రానికి మొహం ఆనించి ఏడ్చింది.

"ఎవరండీ?… అక్కా, హోటల్లో ఆవిడే. వెంటపడి వచ్చేసింది. ఏడుస్తోంది పాపం. తియ్యనా?"

"తియ్యకే. ఇంట్లో ఆడవాళ్ళమే ఉన్నాం. తలుపు దగ్గర నుంచి రా."

సాసక్క అయినా అదే చెప్పేది. ఏళ్ళ తరబడి చెప్పింది కూడా. తలుపు మీద తల కొట్టుకుంది. వద్దే. అది పిలుస్తుంది. పలకొద్దే తల్లీ. ఏం పిలిచినా పలకొద్దు.

లోపల అడుగులు తలుపు దగ్గర నుంచి వెనక్కి మళ్ళాయి. తర్వాత ఆ వెచ్చటి గొంతు, ఇల్లంతా వినపడేలా, ముద్దుగా…

"పిచ్చుకా!"

"ఆఁ, అక్కా!"

అంతే.

పోపు చిటపటలు ఆగిపోయాయి. సాసక్క చెవి తలుపుకి ఆనించింది. ఏమీ లేదు. ఊపిరి కూడా లేదు. తర్వాత, తన చెంపకి ఎదురుగా, చెక్కకి అవతలి వైపు… ఒక అరచెయ్యి తలుపు మీద పడింది. ఇంకోటి. ఎవరో లోపల నుంచి తలుపు బాదుతున్నారు. పిడికిళ్ళతో, గోళ్ళతో, ఒళ్ళంతా వేసి. నోట మాట లేదు. అరుపు లేదు. గాజుల చప్పుడు ఒక్కటే. ఇంటి లోపల ఎక్కడో, దూరంగా, ఒక గలగల గొంతూ ఒక బొంగురు గొంతూ మళ్ళీ తీరిగ్గా కబుర్లు మొదలుపెట్టాయి.

సాసక్క తలుపు మీద అరచేతులు ఆనించింది. అవతలి చేతులు వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా వాటికెదురుగా ఆగాయి.

అప్పుడు లోపల గడియ పడిన చప్పుడు. దాని పైన ఇంకోటి. దాని కింద మరోటి. ఆ తలుపుకి ఉన్నది ఒకే ఒక్క గడియ, అది ముందే వేసి ఉంది. అయినా ఒకదాని తర్వాత ఒకటి, గడియలు పడుతూనే ఉన్నాయి.